తాండూరు బండకు నేను రాసిన ఇంగ్లీషు

వికారాబాద్ జిల్లాలో ఇంగ్లీషు వచ్చిన ప్రతివాడూ నా చేతి కింద నుంచి పోయినవాడే. కలెక్టరాఫీసులో, కోర్టులో, రైల్వే బుకింగ్ కిటికీ వెనక, ఎక్కడ చూసినా నా శిష్యులే. ఈ మాట నేను పెళ్లిళ్లలో భోజనాల బంతిలో కూర్చున్నప్పుడు చెబుతుంటాను. అందరి నోళ్లలో ముద్ద ఉంటుంది కాబట్టి ఎవరూ కాదనరు. అసలు సంగతి ఏమిటంటే, నేను హైస్కూల్లో సగం సర్వీసు సోషల్ చెప్పాను. ఇంగ్లీషు సారు బదిలీ మీద పోయి ఆయన జాగాలో ఎవరూ రాకపోయేసరికి హెడ్మాస్టరు ఆ పీరియడ్లు తెచ్చి నా నెత్తిన పెట్టాడు. అట్లా ఇంగ్లీషు సారునయ్యాను. బుకింగ్ కిటికీ వెనక ఉన్నవాడు నా శిష్యుడే, అందులో అబద్ధం లేదు. కాని వాడికి నేను చెప్పింది భూగోళం.

ఒక్క మనిషికి మాత్రం నిజంగానే ఇంగ్లీషు చెప్పాను. నా బిడ్డ కన్న పిల్ల, నా మనుమరాలు. అందరం వికారాబాద్‌లో ఒకే ఇంట్లో ఉంటాం. చిన్న క్లాసుల్లో ఉన్నప్పటి నుంచి ఏ మాటకు అర్థం కావాలన్నా పుస్తకం పట్టుకుని నా మంచం దగ్గరికే వచ్చేది. డిగ్రీలో ఇంగ్లీషు మేజరుగా తీసుకున్నప్పుడు, "ఇంగ్లీషు సదివి ఏం జేస్తవే?" అని చుట్టాలు అడిగితే, "మా తాత లెక్క అయిత" అన్నది. అట్లా అన్నదని ఊరంతా చెప్పుకున్నాను. ఆమె అన్నది "సూద్దాం తియ్" అని మాత్రమే. మిగతాది నేను కలిపాను.

ఒకరోజు సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి బ్యాగు పడేసి చెప్పింది. "గీ సెమిస్టర్ల ఇంటర్న్‌షిప్ ఉన్నది తాతా. ఏడనన్న పోయి పని జెయ్యాలె. పనిచ్చినోళ్లు నేను ఎట్ల జేసిన్నో రాసిస్తరు. ఎనక కాలేజ్‌ల వైవా. అన్ని మంచిగుంటెనే క్రెడిట్లు పడ్తయి."

"పని నేర్సుకుంటే మార్కులా?"

"మార్కులు గావు, క్రెడిట్లు. గవి పడకుంటె డిగ్రీ రాదు."

నాకు అప్పుడే కడుపులో ఒక మూల చిన్నగా మండింది. మేం నేర్చుకున్న పనికి దెబ్బలు పడ్డాయి తప్ప క్రెడిట్లు పడలేదు. మా నాయన దోమ అనే ఊరి దగ్గర గొర్లు కాసేవాడు. సెలవుల్లో నేనూ ఆయన వెంట పోయేవాణ్ని. మంద తప్పిపోకుండా ఇంటికి తెస్తే ఒక సంతకం పెట్టి ఇచ్చినవాడు లేడు. అయినా ఆ మంటను మింగి పెద్దమనిషిలా గొంతు సవరించుకున్నాను.

"ఏడికో ఎందుకు? నా దగ్గర్నే జెయ్యి. నా జీవితచరిత్ర చెప్పుకుంట పోత, నువ్వు ఇంగ్లీషుల రాయి. నేను సంతకం పెట్టిస్త."

మనుమరాలు నవ్వు ఆపుకుంటూ అమ్మమ్మ వైపు చూసింది. నా భార్య చిక్కుడుకాయలు తుంచుతూ తలెత్తకుండానే అన్నది, "నీ కథకు క్రెడిట్లు ఇయ్యాల్నంటె కాలేజోళ్లు ముందుగాల దాన్ని సదవాలె గదయ్యా. పాపం, వాళ్లకేం కర్మ."

"జాగ దొరికింది తాతా," అన్నది పిల్ల. "తాండూర్ల. బండల పాలిష్ యూనిట్. బయట రాష్ట్రాల నుంచి బండలు కొనెటోళ్లకు ఇంగ్లీషుల జవాబులు రాయాలె. ఇంక ఒక్కో రకం బండ మీద ఒక్కో పేజీ రాసి ఫోటోల తోని పెట్టాలె. ఆ సేటు నీకు ఎరికేనంట. నీ తోని సదువుకున్నడంట."

నా చేతిలోని చాయ్ చల్లారిపోయింది.

వాడు నాకు ఎరుక కాకపోవడమేమిటి! పరిగి హైస్కూల్లో నా బెంచీ వెనక బెంచీ వాడిది. ఇంగ్లీషు పరీక్షలో నా పేపర్ చూసి రాసేవాడు. వాడు పాసయ్యాడంటే నా పుణ్యం. ఇట్లాగే చెబుతూ వచ్చాను ఇన్నాళ్లూ. కాని వాడు నా పేపర్ వైపు ఎన్నడూ చూడలేదు. నేనే పేపర్‌ను కొంచెం పక్కకు జరిపి పెట్టేవాణ్ని, చూస్తాడేమోనని. వాడు కిటికీ లోంచి బయటికి చూస్తూ కూర్చునేవాడు. వాళ్లది బొంరాస్‌పేట దిక్కు భూములున్న ఇల్లు. సైకిల్ మీద బడికి వచ్చేవాడు. నేను నడిచి వచ్చేవాణ్ని. ఇంగ్లీషొక్కటే వాడికంటే నాకు ఎక్కువ వచ్చింది, దాన్ని కూడా వాడు లెక్క చేయలేదు. ఇప్పుడు నా మనుమరాలి ఇంగ్లీషుకు వాడు సంతకం పెడతాడట!

పొద్దున రైలుకు వికారాబాద్‌లో ఎక్కితే ధారూరు, రుక్మాపూర్ దాటి గంట లోపలే తాండూరు. టిఫిన్ డబ్బా పట్టుకుని పిల్ల రోజూ పోయేది, పొద్దుగూకేసరికి వచ్చేది. చెప్పుల నిండా, జడ నిండా తెల్లని రాతి పొడి. వచ్చి కూర్చుంటే ఒకటే కథ, ఆ సేటు కథ. "పెద్దసార్ గట్లన్నడు. పెద్దసార్ గిట్ల జేసిండు. పెద్దసార్ ఫోన్‌ల కన్నడం మాట్లాడితె మస్తుంటది తాతా, 'ఆయ్తు రీ, బన్ని రీ' అంటడు, సరేనండి, రండి అని. ఇంగ్లీషుల గూడ గంతే, నాల్గు ముక్కలల్ల తేల్చేస్తడు."

"నాల్గు ముక్కలే వస్తయి వానికి," అన్నాను.

"నాల్గు ముక్కల తోనే లారీ లోడైపోతది," అన్నది.

ఇంకా ఘోరం ఏమిటంటే, మాటలకు అర్థాలు అడగడం మానేసింది. నా మంచం పక్కన డిక్షనరీ అట్లాగే పడి ఉంది. నేను కావాలనే దాన్ని గట్టిగా దులిపి, గట్టిగా మూసి, గట్టిగా తెరిచి చూశాను. పిల్ల లోపలి గదిలోంచి, "తాతా, దుమ్ము జర బయట దులుపరాదు" అన్నది. ఆ రాత్రి నేను అన్నం మీద అలిగాను. నా భార్య నా కంచం ఎత్తి లోపల పెట్టేసింది, ఇంక చేసేదేమీ లేక లేచి నేనే వడ్డించుకున్నాను.

కందిపప్పు మంచిది దొరుకుతుందని చెప్పి ఒకరోజు తాండూరు బయల్దేరాను. పప్పు వికారాబాద్‌లోనూ దొరుకుతుంది. ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ ఏమీ అనలేదు, సంచి మాత్రం చేతికిచ్చారు.

యూనిట్‌లో రంపాలు తిరుగుతుంటే పక్కవాడి మాట వినబడదు. బండ కోసేటప్పుడు రంపం కాలిపోకుండా పైనుంచి నీళ్లు పడుతూనే ఉంటాయి. మిషన్ కింద నుంచి ఒక బండ జారి బయటికి వచ్చింది. ఏం నీలం అది! వానకు ముందు అనంతగిరి గుట్ట మీద మబ్బు దిగినట్టుంది. నేను అక్కడే నిలబడిపోయాను.

"ఏం సారూ, బండ కొంటవా?" వెనక నుంచి వాడు. తెల్లచొక్కా, తెల్లజుట్టు. చూస్తే నాకన్నా పదేళ్లు చిన్నవాడిలా ఉన్నాడు. సైకిల్ తొక్కినవాడికి మోకాళ్లు కూడా మంచిగానే ఉన్నాయి.

"పప్పుకొచ్చిన," అన్నాను సంచి చూపిస్తూ.

"పప్పు బజార్ల ఉంటదిరా. నువ్వు మనుమరాలి కాడికొచ్చినవ్. రా, చాయ్ తాగుదాం."

ఆఫీసు గదిలో చాయ్ తాగుతూ వాడు బండల గురించి చాలాసేపు మాట్లాడాడు. మిషన్ దగ్గరి బండను చూసి మోసపోవద్దన్నాడట, రోడ్డుకవతల యూనిట్లవాళ్లు గిరాకీ రాగానే చెంబెడు నీళ్లు పోసి రంగు చూపిస్తారన్నాడట, తాను మాత్రం ఎండలో ఆరబెట్టిన బండే చూపిస్తానన్నాడట. ఇన్ని "అట"లు ఎందుకంటే, అప్పుడు నాకవేవీ చెవికెక్కలేదు, తర్వాత పిల్ల చెబితే తెలిసింది. మనుమరాలి కుర్చీ వాడి కుర్చీ పక్కనే వేసి ఉంది. ఆమె బల్ల మీదికి కొత్త టేబుల్ ఫ్యాను పెట్టించాడు. ఆమె ఏదో కాగితం తెచ్చి చూపిస్తే వాడు కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తుకుని చదివి, "గిది తీసెయ్, గిది ఉంచు" అన్నాడు. ఆమె తల ఊపింది. నా దగ్గర ఎన్నడూ అంత బుద్ధిగా తల ఊపలేదు. నేను ఆ ఫ్యాను తిరగడమే చూస్తూ కూర్చున్నాను.

తిరుగు రైల్లో నా మొహం చూసి పిల్లకు జాలేసినట్టుంది. కిటికీ పక్క సీటు నాకిచ్చి అన్నది, "తాతా, నీలం బండ పేజీ ఒకటి మిగిలింది. నువ్వు మిషన్ కాడ సూసినవ్ గద. నువ్వు రాసియ్."

ఏం చెప్పను! ఆ మాటతో రైలు గాల్లో పోయింది. ఇంటికి రాగానే డిక్షనరీ దులిపాను, ఈసారి బయట. రాసిన మొదటి ముక్కే పెట్టేశానని ఇప్పటికీ అందరితో అంటాను. కాదు. చాలా కాగితాలు చించాను. చివరికి తేలిందేమిటంటే, ఈ బండ పరిచిన ఇంట్లో నడవడమంటే వానాకాలపు ఆకాశం మీద నడవడమని, అనంతగిరి మబ్బు మీ కాళ్ల కిందికి దిగి వస్తుందని. ఇంగ్లీషులో అది ఇంకా గంభీరంగా ఉంది. పిల్ల చదివి, ఒక్క క్షణం ఆగి, "మస్తున్నది తాతా" అన్నది. ఆ ఒక్క క్షణం ఎందుకు ఆగిందో నేను అడగలేదు.

తక్కిన పేజీలన్నీ ఆమె ఎట్లా రాసిందో నాకు తర్వాత తెలిసింది. ప్రతి బండనూ ఎండలో పెట్టి ఒక ఫోటో, నీళ్లు చల్లి ఒక ఫోటో. రెంటికీ రెండు వాక్యాలు. ఆ యూనిట్ పద్ధతి అది. నా పేజీకి మాత్రం అవేవీ చేయలేదు. మిషన్ దగ్గర తీసిన ఫోటో ఒకటి పెట్టి పంపేసింది. తాత రాసినదాన్ని ఎండలో పెట్టి చూడటమేమిటని మొహమాటపడింది.

తర్వాత కొన్నాళ్లకు ఒక సాయంత్రం పిల్ల వచ్చి చేతులు కడుక్కుని గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ రోజు పెద్దసార్ పేరు ఎత్తలేదు. అమ్మమ్మ అడిగితే మెల్లగా చెప్పింది. బెంగుళూరులో ఇళ్లు కట్టే కంపెనీ మనిషి నీలం బండ కోసం వచ్చాడట. బండ ఎండలో ఆరబెట్టి ఉంది. ఆరిన బండ బూడిద కలిసిన నీలం. అతను ఫోన్‌లో నా పేజీ తెరిచి, యార్డులో అందరి ముందర చదివి, బండను చూసి, ఆకాశం వైపు చూసి, "ఆకాశ ఎల్లిదె రీ?" అన్నాడట. ఆకాశం ఎక్కడుందండీ అని. హమాలీలు కూడా నవ్వారట. అతను చాయ్ కూడా తాగకుండా కారెక్కి పోయాడట.

"పెద్దసార్ ఏమన్నడు?" అన్నది నా భార్య.

"గీ పేజీ ఎవరిదన్నడు. నాదే అన్న. సూడకుంట ఎందుకు పెట్టినవ్ అన్నడు. గంతే. ఇంగ ఏం మాట్లాడలే." జడలోని రాతి పొడి దులుపుకుంటూ, "నా గురించి రాసిచ్చే కాగితం గీ వారమే రాస్తడంట" అన్నది.

అప్పుడు నాకు మొదట ఏమనిపించిందో చెప్పాలి. సంతోషం. వాడు తిట్టాడు, ఇక పెద్దసార్ మాట ఇంట్లో ఆగిపోతుంది, పిల్ల మళ్లీ పుస్తకం పట్టుకుని నా మంచం దగ్గరికి వస్తుంది అనుకున్నాను. ఆ సంతోషం మీద నేను రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను కూడా. చెయ్యి కడుక్కుంటుంటే, అప్పుడే అమ్మమ్మ తడిగుడ్డతో తుడిచిన మా వంటింటి నేల కనిపించింది. మాది తాండూరు బండే. తడిసినంత మేర ముదురు నీలం, ఆరినంత మేర బూడిద. ఇన్నేళ్లుగా రోజూ దాని మీదే నడుస్తున్నాను.

"రేపు తాండూరు పో," అన్నది నా భార్య. "పప్పుకు గాదు."

మర్నాడు పిల్ల పోయిన రైలుకు కాకుండా దాని వెనక దానికి పోయాను. వాడు ఆఫీసులో ఒక్కడే ఉన్నాడు. నేను దారి పొడుగునా అల్లుకున్న మాటలు మొదలుపెట్టాను.

"ఆ నీలం బండ పేజీకి, నేను జర సలహా ఇచ్చిన."

వాడు చాయ్ ఊదుకుంటున్నాడు.

"సలహా అంటే, సగం దాక నేనే రాసిన."

ఊదుతూనే ఉన్నాడు.

"మొత్తం నేనే రాసిన్రా. పిల్ల ఒక్క అక్షరం ముట్టలే."

"ఎరికే," అన్నాడు. "అనంతగిరి మబ్బట! తాండూర్ల కూసున్నోనికి అనంతగిరి ఎందుకు యాదికొస్తదిరా? మాకు యాదికొచ్చేది దుమ్మే."

"ఎరికైతే మరి పిల్లనెందుకు అడిగినవ్? ఆమె తప్పు లేదు గద. కాగితంల మంచిగ రాయి. క్రెడిట్లు పడకుంటె డిగ్రీ ఆగుతది."

వాడు గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు రాసినవా, ఆమె రాసిందా, గది నాకు అవసరం లేదు. ఈడికెల్లి పేజీ పోతుందంటె బండ ఎండల వెట్టి సూడాలె. ఆమె సూడలే. నువ్వు రాసినవని చెప్తె తప్పు ఇంక పెద్దగైతది గని తగ్గదు."

అంతలో తలుపు దగ్గర నీడ పడింది. పిల్ల. తలకు చున్నీ చుట్టుకుని, చేతిలో ఫోన్. మా మాటలు విన్నదని మొహమే చెప్పింది.

"నువ్వెందుకొచ్చినవ్ తాతా? నాది అని చెప్పిన నేను. ఇప్పుడు నువ్వొచ్చి నీది అంటె నేను అబద్ధం చెప్పినట్టు గాదా?"

పిల్లను కాపాడదామని వచ్చి ఇంకో గుంటలో తోసేశాను. అంతకుముందు చూడకపోవడం ఒక్కటే ఆమె తప్పు. ఇప్పుడు అబద్ధం కూడా.

వాడు లేచాడు. "అబద్ధమేం గాదు బిడ్డా. పేజీ నీదే. మాటలు ఈనివి. ఇప్పుడు ఏం జేస్తవో జెయ్యి, గదే రాస్త నేను."

నా బిడ్డ బిడ్డను వాడు బిడ్డా అన్నాడు. అంత పరేషాన్‌లోనూ ఆ మాట నాకు ముల్లులా దిగింది. ఆ మాటకు ఆమె కళ్లు తుడుచుకోవడం ఇంకా లోతుగా దిగింది. నేను ఎన్ని మాటలు చెబితే ఆ కళ్లు ఆరుతాయి?

పిల్ల నా చెయ్యి పట్టుకుని యార్డులోకి తీసుకుపోయింది. ఆరిన నీలం బండ ముందు నిలబెట్టింది. ఎండ నెత్తి మీద ఉంది.

"ఇప్పుడు సూసి రాయి. మబ్బులు గిబ్బులు వద్దు."

నేను రాశాను. ఆమె కొట్టేసింది. మళ్లీ రాశాను. "నెమలి ఏడున్నది తాతా గిండ్ల?" అని మళ్లీ కొట్టేసింది. నేను నీడకు జరగబోతే, "నీడల రంగు మారుతది, ఈడ్నే నిలబడు" అన్నది. అరవై దాటిన మనిషిని, ఇంత మందికి ఇంగ్లీషు చెప్పినవాణ్ని... సరే, సోషల్ చెప్పినవాణ్ని, అట్లా ఎండలో నిలబెట్టి రాయించింది. హమాలీలు పని ఆపి చూశారు. నేను పరిగి బడిలో కూడా ఇంతగా నిలబడలేదు.

చివరికి ఆమె రెండు వాక్యాలు రాసుకుంది. ఎండలో బూడిద కలిసిన నీలం. నీళ్లు పడితే ముదురు నీలం. నేను రాసినవాటిలో ఒక్క వాక్యాన్ని కాసేపు చూసి, కొట్టేయకుండా కింద చేర్చింది. "కొద్దిసేపట్లో ఆరిపోతుంది," ఇంతే ఆ వాక్యం.

రెండు ఫోటోలు తీసి, పొరపాటు తనదని రాసి, బెంగుళూరు మనిషికి తనే పంపింది. అతను నీలం కొనలేదు. కొన్నాళ్లకు పసుపు బండ అడిగాడు. సేటు ఆమె గురించిన కాగితంలో ఉన్నదున్నట్టు రాశాడు. చూడకుండా ఒక పేజీ పెట్టిందని, తర్వాత తనే సరిచేసిందని. కాలేజీ వాళ్లు వైవాలో అదే పట్టుకుని అడిగారు. మా పిల్ల జవాబుకు ప్రొఫెసర్లు లేచి నిలబడ్డారు, నేను కళ్లారా చూశాను. చూడలేదు. నేను గేటు బయట పల్లీలు తింటున్నాను. ఆమె బయటికి వచ్చి నా చేతిలోంచి పల్లీలు లాక్కుని, "క్రెడిట్లు పడ్డయి తియ్" అన్నది. ఎవరూ లేవలేదట. ఒక మేడం మాత్రం బండను ఎండలో ఎంతసేపు పెట్టాలని అడిగిందట, వాళ్ల ఇల్లు కట్టిస్తున్నారట.

ఇప్పుడు పెళ్లిళ్లలో నేను కొత్త మాట చెబుతున్నాను. తాండూరు బండల కంపెనీ వాళ్ల ఇంగ్లీషంతా నాదేనని. అందులో నాది ఆ చివరి వాక్యం ఒక్కటే. అయినా అది సేటుకు తెగ నచ్చిందని మనుమరాలు చెప్పింది. ఎవరొచ్చినా ఫోన్ తెరిచి ఆ వాక్యమే చదివి వినిపిస్తాడట. "ఎవరు రాసిన్రు సేటూ?" అని అడిగితే, "మా ఇంటర్న్" అంటాడట. "ఎవరా ఇంటర్న్?" అంటే మాత్రం నా మనుమరాలి ఖాళీ కుర్చీనే చూపిస్తాడట, ఫ్యాను ఇంకా అక్కడే ఉందట.

నాకింకా మండుతూనే ఉంది.